సైట్ ఉంది, గూగుల్‌లో లేదు: సమస్య - పరిష్కారం

అడ్రస్ పూర్తిగా టైప్ చేస్తే సైట్ నిక్షేపంగా తెరుచుకుంటుంది. గూగుల్‌లో షాపు పేరు కొడితే పత్తా ఉండదు. పత్తర్‌గట్టీలో ముత్యాలు అమ్మేవాళ్ళ నుంచి కూకట్‌పల్లిలో ఇంట్లోనే పచ్చళ్ళు పెట్టి అమ్మేవాళ్ళ దాకా చాలామందిది ఇదే గోల. సరిగ్గా అప్పుడే ఎవరో ఫోన్ చేసి 'వారంలో ఫస్ట్ పేజీ గ్యారంటీ' అంటారు. మొదటి స్థానం గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరని గూగులే రాసి పెట్టింది. డబ్బు కట్టే ముందు అసలు జబ్బేదో తేల్చుకోండి.

గూగుల్‌లో ఇంగ్లీషులో సైట్ అని కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా మీ డొమైన్ పేరు (సైట్ అడ్రస్) ఇవ్వండి. పేజీలు కనిపిస్తే మీరు ఇండెక్స్‌లో, అంటే గూగుల్ వెతికే జాబితాలో ఉన్నట్టే, బాధ వేరే చోట ఉంది. ఏమీ రాకపోతే సెర్చ్ కన్సోల్ తెరవండి. మీ సైట్ గూగుల్‌కి ఎలా కనిపిస్తోందో చూపించే గూగుల్ టూల్ అది, ఉచితం. వాళ్ళిచ్చే టీఎక్స్‌టీ రికార్డును (ఒక చిన్న కోడ్ వరుస) డొమైన్ డీఎన్ఎస్ సెట్టింగుల్లో (సాధారణంగా డొమైన్ కొన్నచోటే ఉంటాయి) చేరిస్తే సైట్ మీదేనని రుజువవుతుంది. డొమైన్ డిజైనర్ పేరు మీద ఉందా? ముందు ఆ పంచాయితీ తెంచుకోండి.

ఒక్క పేజీ కూడా లేదు

సెర్చ్ కన్సోల్‌లో యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్‌కి హోమ్ పేజీ అడ్రస్ ఇవ్వండి. 'నోఇండెక్స్' (ఈ పేజీని జాబితాలో పెట్టొద్దనే ఆదేశం) అని వస్తే, వర్డ్‌ప్రెస్ సైట్లలో నేను ముందు అనుమానించేది ఒక్క టిక్కునే. సగం కట్టిన సైట్ బయటపడకూడదని డిజైనర్ మొదట్లో ఆ టిక్ పెడతాడు, అప్పగించే రోజు తీయడం మరిచిపోతాడు. సెట్టింగ్స్‌లో రీడింగ్‌కి వెళ్తే సెర్చ్ ఇంజన్లను రావద్దనే గడి అట్టడుగున ఉంటుంది. టిక్ తీసి సేవ్ చేయండి. క్యాష్ ప్లగిన్ (పేజీల కాపీలు దాచి చూపించేది) ఉంటే దాన్నీ ఖాళీ చేయండి, లేకపోతే పాత పేజీయే వెళ్తుంటుంది. తర్వాత అదే ఇన్‌స్పెక్షన్‌లో లైవ్ టెస్ట్ చేసి, బాగానే ఉందంటే రిక్వెస్ట్ ఇండెక్సింగ్ నొక్కండి. కొన్ని రోజులు పట్టొచ్చు, కొన్ని వారాలూ పట్టొచ్చు. టెన్షన్‌తో రోజూ నొక్కినా తొందరపడదు.

నోఇండెక్స్ కాకుండా 'రోబోట్స్ ఫైల్ ఆపింది' అని వస్తే, సెర్చ్ ఇంజన్లు ఎక్కడికి రావచ్చో, రాకూడదో చెప్పే ఆ ఫైల్లో డిస్‌అలౌ పక్కన ఒంటరిగా ఒక స్లాష్ ఉందేమో చూడండి. ఉంటే సైట్ మొత్తానికి తాళం పడ్డట్టే. ఈ రెండూ కలిసి ఉంటే ముందు తాళం తీయాలి. లోపలికి రానివ్వకపోతే మీరు నోఇండెక్స్ తీసేసిన సంగతి గూగుల్‌కి తెలిసే దారి లేదు.

కొన్ని వచ్చాయి, మిగతావి రాలేదు

సెర్చ్ కన్సోల్‌లో ఆ పేజీ స్థితి 'డిస్కవర్డ్' దగ్గర ఆగితే అడ్రస్ తెలిసింది, ఇంకా చూడలేదని అర్థం. సైట్‌మ్యాప్ (మీ పేజీల అడ్రసుల జాబితా) ఇవ్వండి, మెనూ నుంచో వేరే పేజీల నుంచో ఆ పేజీకి లింకు పెట్టండి. 'క్రాల్డ్' దగ్గర ఆగితే చూసింది, తీసుకోలేదు. ఇది కాస్త చేదుగా ఉంటుంది. ఒకే పేరాలో దిల్‌సుఖ్‌నగర్ తీసి మియాపూర్, మియాపూర్ తీసి ఉప్పల్ పెట్టి పేజీలు పెంచుతారే, వాటికి ఎక్కువగా పట్టే గతి ఇదే. అన్నిటినీ ఒక మంచి పేజీగా కలిపి, పాత అడ్రసులకి వచ్చినవాళ్ళని దానికే పంపేలా 301 రీడైరెక్ట్ పెట్టండి.

ఇండెక్స్ అయింది, తెలుగులో వెతికితే రాదు

దీని గురించి ఇంగ్లీషు గైడ్లలో వెతికితే దొరకదు. చిక్కడపల్లిలో డీటీపీ చేయించిన బ్రోచర్‌నే పీడీఎఫ్‌గా సైట్‌లో పెట్టేస్తారు. కంటికి చక్కటి తెలుగే. అందులోంచి ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేసి చూడండి. ఇంగ్లీషక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వస్తే అది అను లాంటి పాత ఫాంట్లలో కొట్టినది, యూనికోడ్ (ఏ కంప్యూటరైనా తెలుగుగానే గుర్తించే కోడ్) కాదు. ఆ ఫాంట్లు వేరే అక్షరాల కోడ్‌ల మీద తెలుగు బొమ్మలు తొడుగుతాయి. 'గోంగూర' అని మీకు కనిపించే చోట గూగుల్‌కి అందేది ఆ కలగాపులగమే. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు చెదిరాయేమో ఒకసారి చదివి సరిచేసి, పీడీఎఫ్‌గా కాకుండా పేజీలోనే టెక్స్ట్‌గా పెట్టండి. రేట్ల పట్టికని ఫ్లెక్సీ డిజైన్‌లా జేపీజీగా అతికించడమూ ఇలాంటిదే. అసలు చాలామంది గోంగూరని ఇంగ్లీషక్షరాల్లోనే కొడతారు కాబట్టి పేజీలో ఆ రూపమూ ఒకచోట ఉండాలి.

పేరు కొడితే వస్తుంది, సరుకు కొడితే రాదు

పేజీ టైటిల్ చూడండి. చాలాసార్లు అక్కడ 'హోమ్' అని మాత్రమే ఉంటుంది. ఏం అమ్ముతారో, ఏ ఏరియానో అందులో రాయండి. మ్యాప్‌లో కనబడాలంటే సైట్ చాలదు, గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ పెట్టి వెరిఫై చేయించుకోవాలి. పేజీ కోడ్‌లో కంటికి కనిపించకుండా ఉండే కీవర్డ్స్ ట్యాగ్ నింపుతామని ఎవరైనా బిల్లు వేస్తే కట్టకండి. ర్యాంకింగ్‌కి దాన్ని వాడట్లేదని గూగుల్ 2009లోనే చెప్పేసింది.