విండోస్ 11కు మారే ముందు చూసుకోవలసినవి

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. మర్నాడు ఏ కంప్యూటరూ ఆగిపోలేదు. ట్యాలీ తెరుచుకుంది, ప్రింటరు కాగితం లాగింది. దాంతో చాలామంది ఆ సంగతే మరిచిపోయారు. ఆగిపోయినవి నెలనెలా ఉచితంగా వచ్చే భద్రతా సవరణలు. అవి లేని లోటు ముందుగా కంటికి కనిపించదు.

2017 మేలో వన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతటా ఫైళ్ళకు తాళాలు వేసి డబ్బు అడిగినప్పుడు, ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దానికి చిక్కాయి. ఆ వైరస్ దూరిన కంతను పూడ్చే సవరణను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలో ఇచ్చింది. అయితే అది మద్దతు ఉన్న విండోస్‌లకు మాత్రమే. 2014లోనే గడువు తీరిన ఎక్స్‌పీకి సవరణ వచ్చింది దాడి మొదలయ్యాకే. గడువు తీరిన విండోస్‌తో ఇంటర్నెట్‌లో తిరగడంలోని ప్రమాదం ఇదే.

అలాగని రేపు ఉదయం దుకాణం తెరవగానే అప్‌గ్రేడ్ మీట నొక్కమని నేను చెప్పను. మారాలా వద్దా అన్నది కంప్యూటర్ వయసును బట్టి గాని, తెరమీద పదే పదే వచ్చే ప్రకటనను బట్టి గాని తేల్చుకునే విషయం కాదు. ఆ కంప్యూటర్ మీద ఏ పని ఆధారపడి ఉంది, దానికి ఏమేం తగిలించి ఉన్నాయి అన్నవి చూసి తేల్చుకోవాలి. పిల్లలు పాఠాలు వినే ల్యాప్‌టాప్ అయితే, అర్హత ఉంటే ఈ ఆదివారమే మార్చేయవచ్చు. డీటీపీ సెంటరుదో, ఆడిటర్ ఆఫీసుదో అయితే కాస్త ఆగి చూసుకోవాలి.

మీ యంత్రానికి అర్హత ఉందా?

మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పీసీ హెల్త్ చెక్ అనే చిన్న ప్రోగ్రాం ఒక్క నిమిషంలో జవాబు చెబుతుంది. కాదని చెబితే కారణం సాధారణంగా రెంటిలో ఒకటి. మొదటిది ప్రాసెసర్. ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచి, ఏఎండీలో రైజెన్ 2000 వరుస నుంచి మాత్రమే అంగీకరిస్తారు. ఐ5-7400 అని రాసి ఉంటే ఏడో తరం, ఐ5-8400 అయితే ఎనిమిదో తరం, ఐ3-10100 అయితే పదో తరం. మొదటిది దాదాపు కొత్తదానిలాగే పరుగెత్తుతున్నా జాబితాలో లేదు. దీని మీద ఎంత కోపం వచ్చినా ప్రయోజనం లేదు.

రెండోది టీపీఎం 2.0 అనే భద్రతా భాగం. విడిభాగాలు కొని కూర్చిన డెస్క్‌టాప్‌లలో ఇది ఉండి కూడా బయోస్‌లో, అంటే విండోస్ లేవకముందే తెరవగలిగే సెట్టింగుల్లో, ఆపేసి ఉండటం మామూలే. ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ అనీ, ఏఎండీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం అనీ కనిపిస్తుంది. దాన్ని ఆన్ చేస్తే చాలు, కొత్త యంత్రం కొనక్కరలేదు.

బయోస్‌లోకి వెళ్ళాం కదా అని అక్కడి లెగసీ బూట్‌ను (కంప్యూటర్‌ను లేపే పాత పద్ధతిని) కూడా యూఈఎఫ్‌ఐకి (కొత్త పద్ధతికి) మార్చేయకండి. పాత పద్ధతిలో, అంటే ఎంబీఆర్‌గా విభజించిన డిస్కును ముందుగా జీపీటీ అనే కొత్త విభజనకు మార్చకుండా ఆ పని చేస్తే విండోస్ అసలు లేవదు. స్టార్ట్ మెనూలో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి బయోస్ మోడ్ ఎదుట ఏముందో చూడండి. లెగసీ అని ఉంటే, బ్యాకప్ తీశాక, తెలిసినవారి చేత ఆ మార్పు చేయించండి. డిస్కును ఫార్మాట్ చేయకుండానే మార్చే ఎంబీఆర్2జీపీటీ అనే సాధనం విండోస్‌లోనే ఉంది. ఫార్మాట్ తప్ప దారి లేదని మెకానిక్ అంటే, ఈ పేరు చెప్పి చూడండి.

4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్కు చాలన్నది కాగితం మీది మాట. 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ లేకుండా విండోస్ 11 వేసుకోవద్దని నా సలహా.

తెలుగు పని చేసేవారికి

అసలు చిక్కులు ఇక్కడే. ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే యూనికోడ్ పద్ధతిలో టైపు చేసేవారికి బెంగ లేదు. ఇన్‌స్క్రిప్ట్, ఫొనెటిక్ కీబోర్డులు రెండూ విండోస్‌లోనే ఉన్నాయి. కానీ పెళ్ళి పత్రికలు, కరపత్రాలు, దస్తావేజుల పని ఇంకా చాలాచోట్ల పేజీలు కూర్చే పాత ప్రోగ్రాం పేజ్‌మేకర్‌లో, యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్లతోనే జరుగుతోంది. ఆ ఫాంటు లేని యంత్రంలో అదే ఫైలు తెరిస్తే పొంతన లేని గుర్తులు కనిపిస్తాయి. కాబట్టి ఫైళ్ళతో పాటు ఫాంట్లను, ఇన్‌స్టాల్ చేసే డిస్కును, సీరియల్ నంబరును కూడా దాచండి. పాత గిరాకీల పనుల్లో ముఖ్యమైనవాటిని ఇప్పుడే పీడీఎఫ్‌లుగా తీసి పెట్టుకోండి. రేపు పేజ్‌మేకర్ మొరాయించినా కనీసం ప్రింటు ఇవ్వగలరు.

పెన్‌డ్రైవ్‌లా తగిలించే యూఎస్‌బీ లాక్ పెడితేనే తెరుచుకునే సాఫ్ట్‌వేర్ ఉంటే ఇంకో మెట్టు జాగ్రత్త కావాలి. విండోస్ 11లో 32 బిట్ రకం లేదు, 64 బిట్ ఒక్కటే. 32 బిట్ ప్రోగ్రాములు దానిలో నడుస్తాయి గాని, 32 బిట్ డ్రైవర్లు, అంటే తగిలించిన పరికరాలను నడిపించే ప్రోగ్రాములు, నడవవు. మీ విండోస్ 10 ఇప్పుడు 32 బిట్‌దైతే నేరుగా అప్‌గ్రేడ్ కాదు, మొదటినుంచి వేసుకోవాలి. అప్పుడు లాక్‌కు, పాత ప్రింటరుకు, స్కానరుకు 64 బిట్ డ్రైవర్ దొరకాలి. దొరుకుతుందో లేదో తయారీదారుల సైట్లలో ముందే చూసి, డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోండి. దొరకకపోతే ఆ ఒక్క యంత్రాన్ని మార్చకండి.

డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ వాడే ఆఫీసులకు ఒక హెచ్చరిక. సర్టిఫికెట్ టోకెన్‌లో ఉంటుంది కాబట్టి విండోస్ మారినంత మాత్రాన అది పోదు. కానీ డ్రైవర్ తిరిగి వేసేటప్పుడు టోకెన్‌ను ఇనిషియలైజ్ చేయమని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు, లోపలిదంతా చెరిగిపోతుంది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లోనే తెరుచుకునే పాత సైట్లుంటే ఎడ్జ్‌లోని ఐఈ మోడ్‌లో ప్రయత్నించండి. వేలిముద్ర యంత్రాలకు వాటి సర్వీసును మళ్ళీ వేసుకోవలసి రావచ్చు.

ఎప్పుడు, ఎలా

పెళ్ళి పత్రికలు వేసేవారికి ఆషాఢమంత మంచి మాసం లేదు. ముహూర్తాలుండవు, గిరాకీ తగ్గుతుంది. మాఘంలో మాత్రం ఆ యంత్రాన్ని ముట్టుకోకండి. ఆడిటర్లకు ఆషాఢం కుదరదు, అది జూలై 31 రిటర్నుల గడువు దరిదాపుల్లో పడుతుంది. నెలనెలా జీఎస్‌టీ దాఖలు చేసేవారు 20వ తేదీ దాటాక పెట్టుకోవాలి.

ముందురోజు రెండు కాపీలు తీయండి. ఒకటి బయటి హార్డ్ డిస్కులో, రెండోది వేరే చోట. ట్యాలీ డేటా ఫోల్డరు, డెస్క్‌టాప్ మీద పరచిన ఫైళ్ళు, బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులు, వాట్సాప్ నుంచి దింపిన కాగితాలు మరిచిపోయేవే ఎక్కువ. కాపీ పూర్తయిందన్న మాట నమ్మకుండా, ఇంకో కంప్యూటర్‌లో నాలుగైదు ఫైళ్ళు తెరిచి చూడండి. వన్‌డ్రైవ్ ఉందిలే అనుకోవద్దు, ఉచితంగా ఇచ్చేది 5 జీబీ. నిండాక కొత్త ఫైళ్ళు అందులోకి వెళ్ళవు.

డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ రికవరీ కీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉందో లేదో చూసి కాగితం మీద రాసి పెట్టండి. డిస్కుకు తాళం పడి ఉందన్న సంగతి చాలామందికి తెలియదు. బయోస్‌లో మార్పు చేశాక 48 అంకెల కీ అడిగినప్పుడే తెలుస్తుంది. అది లేకపోతే ఆ డిస్కులోని ఫైళ్ళను ఏ మెకానిక్ కూడా తీయలేడు.

ఆ రోజున యూపీఎస్ పనిచేస్తోందో లేదో ముందు చూడండి. మధ్యలో కరెంటు పోతే వచ్చే తలనొప్పి చిన్నది కాదు. ల్యాప్‌టాప్‌ను ఛార్జర్‌కు తగిలించే ఉంచండి. లాకులు, బయటి డిస్కులు తీసేయండి. అప్‌గ్రేడ్‌ను సెట్టింగ్స్‌లోని విండోస్ అప్‌డేట్ నుంచో, మైక్రోసాఫ్ట్ సైటు నుంచో మాత్రమే తీసుకోండి. అసలైన విండోస్ 10 ఉన్నవారికి ఇది ఉచితం. మైక్రోసాఫ్ట్ నుంచి మాట్లాడుతున్నామని ఎవరైనా ఫోను చేసి, దూరం నుంచి మీ కంప్యూటర్‌ను నడిపే ఎనీడెస్క్ వేయమంటే వెంటనే ఫోను కట్ చేయండి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయాలి.

మారాక 10 రోజుల్లోపు సెట్టింగ్స్‌లోని రికవరీ పేజీ నుంచి వెనక్కి వెళ్ళవచ్చు. అందుకని ఆ రోజుల్లో డిస్క్ క్లీనప్ చేసి పాత విండోస్ ఫైళ్ళను చెరపవద్దు. రోజూ వాడే ప్రతి పనీ, నెలకోసారి చేసేవి కూడా, ఒకసారి చేసి చూడండి.

అర్హత లేకపోతే

నిబంధనలను దాటవేసి విండోస్ 11 వేసే ఉపాయాలు చాలా చలామణిలో ఉన్నాయి. అలాంటి యంత్రాలకు అప్‌డేట్లకు హామీ లేదని మైక్రోసాఫ్ట్ చెబుతోంది. మరీ పాత ప్రాసెసర్లలో విండోస్ 11లోని 24హెచ్2 రకం అసలు లేవనే లేవదు. ప్రయోగానికి సరే, పొట్ట నింపే యంత్రం మీద వద్దు.

విండోస్ 10లోనే ఉండాలనుకుంటే, 22హెచ్2 రకం ఉన్న సొంత కంప్యూటర్లకు 2026 అక్టోబర్ 13 వరకు అదనపు భద్రతా సవరణలు ఇస్తామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. సెట్టింగ్స్‌ను మైక్రోసాఫ్ట్ ఖాతాకు సింక్ చేస్తే ఉచితం, లేదంటే 30 డాలర్లకు సమానమైన రుసుము. నమోదు విండోస్ అప్‌డేట్ పేజీలోనే ఉంటుంది. ఇది వాయిదా మాత్రమే. బ్రౌజింగుకే వాడే పాత యంత్రమైతే విండోస్‌కు బదులు వేసుకునే లినక్స్ మింట్ బాగా నడుస్తుంది. పేజ్‌మేకర్ మీదే బతికే యంత్రమైతే ఇంటర్నెట్ తీగ పీకేసి అలాగే వాడుకోండి. గిరాకీలు తెచ్చే పెన్‌డ్రైవ్‌లను ముందు వేరే కంప్యూటర్‌లో స్కాన్ చేశాకే దానికి పెట్టండి.

వాడిన యంత్రం కొందామని సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోటికి వెళితే, ఆరు, ఏడో తరం యంత్రాలను చవకగా చూపిస్తారు. విండోస్ 11 వేసి ఉందని కూడా అంటారు. వేసి ఉండటం వేరు, అర్హత ఉండటం వేరు. డబ్బు ఇచ్చే ముందు అక్కడే పీసీ హెల్త్ చెక్ నడిపించి చూడండి.