రోమ్ ట్రాటోరియాలో (ఇంటి తరహా వంటల చిన్న హోటల్) భోజనానికి వెళ్లే ముందు జాగ్రత్తలు

☐ టేబుల్ ముందే బుక్ చేసుకోండి. రాత్రి ఏడున్నరకు ముందు చాలాచోట్ల వంట మొదలవదు, ఊరివాళ్లు ఎనిమిది దాటాకే వస్తారు. ఆగస్టు 15 ఇటలీలోనూ సెలవే, ఆ చుట్టుపక్కల తెరిచి ఉందో లేదో కనుక్కోండి.

☐ మాంసం తినరా? ఆర్డర్‌కు ముందే చెప్పండి. కార్బొనారా, అమత్రిచానా, గ్రీచా అనే పాస్తాలు మూడింట్లోనూ గ్వాంచాలే, అంటే పంది దవడ మాంసం పడుతుంది. కాచో ఎ పేపేలో పాస్తా, గొర్రెపాల పెకొరీనో చీజ్, మిరియాలే ఉంటాయి. మిరియాల ఘాటు మనకు నచ్చుతుంది కూడా. అయితే పెకొరీనో రొమానోకు పాలు విరిచేది గొర్రెపిల్ల కడుపు నుంచి తీసిన రెన్నెట్‌తో. అంత పట్టింపు ఉంటే టమాటా సాస్ పాస్తా చెప్పి, పైన చీజ్ వద్దనండి.

☐ పాస్తా ముందు, మాంసమో చేపో తర్వాత విడిగా వస్తాయి. ఆకలిని బట్టి ఒక్కటే చెప్పినా తప్పులేదు.

☐ మెనూలో చేప పక్కన ‘ఎత్తో’ అని ఉంటే ఆ ధర 100 గ్రాములకే. మొత్తం బరువెంతో అడగండి.

☐ చేపల పాస్తా మీద చీజ్, భోజనం తర్వాత కాపుచీనో వద్దు. ఎస్‌ప్రెస్సో తాగండి.

☐ బ్రెడ్డుకు, సీసా నీళ్లకు బిల్లు పడుతుంది.

☐ అడగందే బిల్లు తేరు. “ఇల్ కొంతో, పెర్ ఫవోరే” అంటే చాలు.