లండన్ వస్తున్న మన శ్రీకాకుళం, విజయనగరం పిల్లలకు: సోఫా కంటే ముందు దీపం సంగతి చూసుకోండి

సెలవు మీద శ్రీకాకుళం వచ్చాను. మొన్న రాత్రి అన్నాలయ్యాక మా చిన్నాన్న కూతురు లండన్ నుంచి వీడియో కాల్ చేసింది. సెప్టెంబర్‌లో వెళ్ళిన పిల్ల. ఇక్కడ తొమ్మిదిన్నర, అక్కడ సాయంత్రం నాలుగు, కిటికీ బయట అప్పటికే చీకటి. కొత్త ఇల్లు చూపిస్తానని ఫోన్ గదంతా తిప్పింది. బూడిదరంగు సోఫా, గాజు బల్ల, తెల్ల గోడలు, గోడకి ఇంగ్లీషు అక్షరాల పటం. అన్నీ కొత్తవే, సగం వాయిదాల మీద కొన్నవే. నడినెత్తిన ఒక్కటే తెల్ల బల్బు. "ఫోటోలో సూసినట్టే కొన్నాను అన్నియ్యా, కానీ ఏటో ఆస్పత్రి వార్డులో కూకున్నట్టుంది" అంది. పిన్ని పక్కనే ఉందని గుర్తొచ్చి వెంటనే మాట మార్చేసింది.

ఆ వార్డు నాకు తెలుసు. మొదటి చలికాలం నేను ఉన్నది అందులోనే. జనవరిలో బయల్దేరేవాళ్ళు మా వీధిలోనే ఇద్దరున్నారు, వాళ్ళ ఫోన్ల నిండా అవే గదుల ఫోటోలు. అందుకే ఇది రాస్తున్నాను.

బ్యాంకు ఖాతా, సిమ్ము, బస్సు కార్డు గురించి చెప్పేవాళ్ళు మీకు చాలామంది దొరుకుతారు. ఇల్లు ఎలా ఉండాలో మాత్రం ఎవరూ చెప్పరు. అది ఆడంబరం అనుకుంటారు. కాదు. డిసెంబర్‌లో పని నుంచి వచ్చి రాత్రి పదకొండు దాకా ఉండేది ఆ గదిలోనే. ఆ గది బాగోకపోతే మనిషి బాగోడు.

నేను లండన్ తూర్పువైపు ఈస్ట్ హామ్‌లో మేడ మీద గది తీసుకున్నాను. చేసిన మొదటి తప్పు సోఫా. ఫోటోలో చూశాను, నచ్చింది, కొన్నాను. మెట్లు కొలవలేదు. ఆ దేశంలో పాత ఇళ్ళ మెట్లు ఇద్దరు పక్కపక్కన నడవలేనంత ఇరుకు, పైన మలుపు. సోఫా మలుపు దగ్గరే ఆగిపోయింది. తిప్పి పంపడానికి దుకాణం వాళ్ళు మళ్ళీ డబ్బులు తీసుకున్నారు. నెలంతా నేల మీదే కూర్చుని తిన్నాను. ఇంత చెప్పాక కూడా టేపు పెట్టి తలుపు, మెట్లు, మలుపు కొలవకుండా సోఫా కొంటే మీతో నాకు మాటల్లేవు.

ఇక అసలు సంగతి, వెలుతురు. దయచేసి ఇది తొందరగా దాటెయ్యకండి.

శ్రీకాకుళం 18 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, లండన్ 51 దాటి ఉంది. డిసెంబర్‌లో అక్కడ పొద్దు నాలుగు కాకముందే గుంకిపోతుంది. మన ఊళ్ళో పగలంతా కళ్ళు చెదిరే ఎండ, కాబట్టి రాత్రి తెల్ల ట్యూబులైటు చల్లగా అనిపిస్తుంది. అక్కడ పగలే బూడిదరంగు. దాని మీద అదే తెల్ల వెలుగు పోస్తే గోడలు పాలిపోతాయి, అన్నం పాలిపోతుంది, అద్దంలో మన మొహం కూడా జ్వరం వచ్చినట్టుంటుంది. మూడు నెలలు నేను ఆ వెలుగులో ఉండి, దిగులంతా ఊరి మీద బెంగే అనుకున్నాను. సగం బెంగ, సగం ఆ బల్బు.

బల్బు డబ్బా మీద కెల్విన్ అని ఒక అంకె ఉంటుంది. 6500 అంటే మన ట్యూబులైటు తెలుపు. 2700 అంటే పాత ఫిలమెంటు బల్బు పసుపు. 2700 కొనండి. బల్ల దీపానికి 470 ల్యూమెన్లు చాలు, అది పాత నలభై వాట్ల బల్బంత. సీఆర్‌ఐ అని, అంటే రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె, ఉన్నచోట 90 కంటే ఎక్కువ ఉన్నది దొరికితే ఇంకా మంచిది, బట్టల రంగులూ ఇత్తడీ నిజంగా ఉన్నట్టు కనిపిస్తాయి. ఇంకొకటి. మనవైపు వాడే పిన్ బల్బు అక్కడా ఉంది, పైకప్పు హోల్డర్లు ఎక్కువగా అవే. బల్ల దీపాలకి మాత్రం తరచుగా మర బల్బు కావాలి, అందులోనూ లావు మర, సన్న మర వేరువేరు. హోల్డరు చూడకుండా నాలుగు బల్బులు కొని తెచ్చి, ఒక్కటీ పట్టక ఆ రాత్రి చీకట్లో పడుకున్నాను.

ఆ దీపాలు ఎక్కడ పెట్టాలి? పైకప్పుకి కాదు. మా తాతగారి ఊరు పొందూరు దగ్గర. పాత మండువా ఇల్లు, పగలు నడిమధ్య నుంచి వెలుగు పడేది, పొద్దుపోయాక గోడ గూటిలో దీపం పెట్టేవారు. ఆ గూడు నేల మీద కూర్చున్న మనిషి తలకంటే కాస్త పైకి ఉండేది. వెలుగు మనుషుల మొహాల మీద పడేది, మూలలు చీకటిగా మిగిలేవి. అయినా ఆ ఇంట్లో ఎవరికీ దిగులుగా ఉండేది కాదు. లండన్‌లో నాకు నచ్చిన ప్రతి గదిలోనూ దీపాలు ఆ ఎత్తులోనే ఉన్నాయని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. గదికి మూడు చిన్న దీపాలు, కుర్చీలో కూర్చున్న మనిషి భుజం ఎత్తున, మూడు వేరే మూలల్లో. పైకప్పు బల్బు, ఏదైనా వస్తువు కింద పడితే వెతుక్కోడానికి మాత్రమే. సెకండ్‌హ్యాండ్ దీపాలు ఛారిటీ దుకాణాల్లో, అంటే సేవాసంస్థలు పాత సామాను అమ్మే చోట, ఐదు, పది పౌన్లకి చాలాసార్లు కొన్నాను. సోఫా పాతది కొంటే మాత్రం నిప్పు భద్రత చీటీ కుట్టి ఉందో లేదో చూడండి. 1988 నాటి నియమం అది, చీటీ లేనిది ఛారిటీలు తీసుకోవు, తరవాత వదిలించుకోవడం మీకే కష్టం.

ఫోన్లో ఫోటోలు చూడటం తగ్గించండి. ఫోటో పగటి వెలుగులో, పెద్ద కిటికీ పక్కన తీస్తారు. మీ గదికి ఆ కిటికీ లేదు. మనుషులు బతికిన గదులు చూడండి. హాక్స్‌టన్ స్టేషన్ పక్కన మ్యూజియం ఆఫ్ ది హోమ్ ఉంది, టికెట్ లేదు. 1714లో పేద వృద్ధుల కోసం కట్టిన సత్రపు గదుల్లో వేర్వేరు కాలాల ఇళ్ళు వరసగా అమర్చారు. 1970ల నాటి కరీబియన్ కుటుంబం ముందుగది దగ్గర నేను చాలాసేపు నిలబడిపోయాను. క్రోషియా గుడ్డలు, అలంకరణ సామాను, వచ్చినవాళ్ళ కోసం దాచిన మంచి వస్తువులు. విజయనగరంలో మా పెద్దమ్మ వాళ్ళ ముందుగదే. వలస వచ్చినవాళ్ళు తమ ఇంటిని దాచుకోకుండా ముందుగదిలోనే పెట్టారు. నేను మాత్రం మనవి అన్నీ పెట్టెలో ఉంచి బూడిదరంగు కొంటున్నాను.

స్ట్రాట్‌ఫర్డ్ వైపు ఉండేవాళ్ళకి ఇంకోటి. 2025 మే నెలాఖరున వీ అండ్ ఏ (విక్టోరియా అండ్ ఆల్బర్ట్) మ్యూజియం వాళ్ళు తమ భాండాగారాన్ని వీ అండ్ ఏ ఈస్ట్ స్టోర్‌హౌస్ అనే పేరుతో తెరిచారు, అదీ ఉచితమే. ముందుగా అడిగి పెట్టుకుంటే భాండాగారంలో ఉన్న వస్తువు దగ్గరగా చూడనిస్తారు. మన కోరమాండల్ తీరపు అద్దకపు బట్టలు అడగండి. ఇంగ్లండ్ ఇళ్ళలో పరుపులకీ తెరలకీ అవి ఎంత వాడారంటే, అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్ళు గొడవ చేశారు. 1721లో పార్లమెంటు వాటిని తొడుక్కోకూడదని, ఇళ్ళలో పరచకూడదని చట్టం చేసింది. 1774 దాకా ఎత్తెయ్యలేదు. ఆ బట్ట ముందు నిలబడితే, మనవి పెడితే ఇల్లు పల్లెటూరిలా ఉంటుందన్న భయం నాకు పోయింది.

గోడలు అద్దెవి, మేకులు కొట్టకండి, అతికించి తీసే కొక్కేలు వాడండి, దిగిన రోజే గోడలన్నీ ఫోటో తీసుకోండి. బయటి గోడకి బీరువా ఆనించకండి, వెనక బూజు పడుతుంది. ఇంతకంటే ఎక్కువ దీని గురించి చెప్పను.

ఇక్కణ్ణుంచి ఏం తీసుకెళ్ళాలి? ఒకటి రెండు చాలు, ఇల్లు లేపాక్షి దుకాణం కానక్కర్లేదు. నా ఓటు పొందూరు ఖాదీకి. వాలుగ చేప దవడ పళ్ళతో పత్తి దువ్వి, చేత్తో వడికి నేసిన బట్ట. తెల్లగా కాదు, పాలమీగడలా ఉంటుంది. కిటికీకి కడితే ఆ బూడిదరంగు పగలు కూడా కాస్త మెత్తబడుతుంది. కుట్టించే ముందు ఒకసారి ఉతకండి, కుంచించుకుంటుంది. జూన్‌లో అక్కడ రాత్రి తొమ్మిది దాటినా పొద్దు గుంకదు, ఐదు కాకముందే తెల్లారిపోతుంది, కాబట్టి వెనకాల ముదురు గుడ్డ ఒకటి కావాలి. రెండోది, మన జిల్లా బుడితి ఊరి ఇత్తడి. చిన్న చెంబు చాలు, 2700 దీపం పక్కన పెట్టి చూడండి. సవర గిరిజనులు గీసే బొమ్మలు కావాలంటే ఎర్రమట్టి రంగు మీద తెల్లటివి, ఒక్క పటం, పెద్దది. బొబ్బిలి బొమ్మ వీణ అందరూ తీసుకెళ్తారు, నాకూ ఒకటుంది. కానీ అది వెలుగు పడేచోట పెట్టకపోతే దుమ్ము పట్టిన బహుమతిలానే ఉంటుంది.

మొదటి నెల మంచం, వంటసామాను, ఒక దీపం తప్ప ఏమీ కొనకండి. ఖాళీగా ఉందని సిగ్గుపడకండి. ఎవరూ రారు, వచ్చినా చాప మీద కూర్చుంటారు. పొద్దున్న వెలుగు ఎటు పడుతుందో, మీరు ఎక్కడ కూర్చుని టీ తాగుతున్నారో చూసుకోండి. కుర్చీ అక్కడ పెట్టాలి.

ఆ గది బాగుపడుతుందా అని మా చెల్లి అడిగింది. పడుతుంది. నాకు రెండో చలికాలం దాకా పట్టింది, దానికి అంత పట్టదు, సోఫా మెట్లెక్కింది కదా. బల్బు మార్చి, దాని బూడిదరంగు సోఫా మీద ఒక ముదురు దుప్పటి పరిచినా సగం పని అయిపోతుంది. చేసిన ఖర్చంతా వృథా ఏమీ కాదు. ఈ మాట దానికి మొన్ననే చెప్పి ఉండాల్సింది, కోప్పడ్డాను.

నిన్న రాత్రి తనే మెసేజ్ పెట్టింది. కిటికీ వెడల్పు 118 సెంటీమీటర్లు, ఎత్తు 140. "రెండు తెరలకి సరిపడా తే అన్నియ్యా, అమ్మతో సెప్పకు" అని. రేపు పొద్దున్నే బస్సుకి పొందూరు వెళ్తున్నాను.