స్థల డేటాబేస్ పాఠాలు – 3: పెట్టె కాదంటే కాదే

నేల మీది చోట్లను సూచించే బిందువునూ, గీతనూ, పాలిగన్‌నూ (మూసిన హద్దున్న బహుభుజినీ) టేబుల్‌లో ఎలా దాచాలో గత పాఠంలో చూశాం. ఇక వాటిని ప్రశ్నలు అడుగుదాం. "ఈ ఇంటి స్థలం ఏ చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటిమట్టం) పరిధిలో పడుతుంది?" అడగడానికి ఒక్క వాక్యమే. కానీ టేబుల్‌లో లక్ష చెరువులుండి, ఒక్కో హద్దుకు వెయ్యి అంచులుంటే, అన్నింటినీ తడిమి చూడాలంటే పది కోట్ల అంచులు.

మామూలు ఇండెక్స్ (త్వరగా వెతకడానికి డేటాబేస్ క్రమంలో పేర్చుకునే సూచిక) ఇక్కడ అక్కరకు రాదు. పేర్లను అకారాదిగా, జీతాలను ఆరోహణ క్రమంలో పేర్చవచ్చు. నేల మీద పక్కపక్కనున్న చోట్లన్నీ వరసలోనూ పక్కపక్కనే వచ్చేలా ఒకే వరసలో పేర్చడం మాత్రం కుదరదు. అందుకే స్థల డేటాబేస్ పనిని రెండు అంచెలుగా చేస్తుంది: ముందు వడపోత, తర్వాత నికరమైన పరీక్ష.

గళ్ల కాగితం తీసుకోండి. (1,1), (7,2), (4,6) బిందువులను కలిపి త్రిభుజం గీయండి. అదే మన చెరువు. దాన్ని సరిగ్గా పట్టేంత నిలువు, అడ్డ గీతల పెట్టె గీయండి: అడ్డంగా 1 నుంచి 7 వరకు, నిలువుగా 1 నుంచి 6 వరకు. ఇప్పుడు మూడు స్థలాలు గుర్తించండి: అ (4,3), ఆ (2,5), ఇ (9,4).

'ఇ' పెట్టె బయటే ఉంది. చెరువు ఆకారం ఎలాంటిదైనా సరే, 'ఇ' అందులో ఉండే అవకాశమే లేదు. నాలుగు పోలికలతో తేలిపోయింది. 'అ', 'ఆ' రెండూ పెట్టెలోనే ఉన్నాయి. అంతమాత్రాన చెరువులో ఉన్నట్టు కాదు. పెట్టె వైశాల్యం 30 గళ్లు, చెరువుది 13.5 మాత్రమే. సగానికి పైగా ఖాళీ. పెట్టె "కాదు" అంటే అదే తుది తీర్పు. "అవును" అంటే విచారణకు రమ్మని పిలుపు, అంతే.

ఇక విచారణ. స్థలం నుంచి కుడివైపుకు అడ్డంగా ఒక గీత లాగి, అది చెరువు అంచును ఎన్నిసార్లు దాటుతుందో లెక్కపెట్టండి. బేసి సంఖ్య వస్తే లోపల, సరి సంఖ్య వస్తే బయట. 'అ' నుంచి లాగిన గీత 6.25 దగ్గర ఒక్కసారే దాటుతుంది కాబట్టి లోపల. 'ఆ' గీత 3.4 దగ్గర చెరువులోకి వెళ్లి 4.75 దగ్గర బయటపడుతుంది. రెండుసార్లు, కాబట్టి బయట. ఈ లెక్క చేత్తో ఒక్కసారైనా చేయండి; ఫంక్షన్ల పేర్లు బట్టీ పట్టడం కన్నా ఇదే మేలు.

లక్ష పెట్టెలున్నప్పుడు వాటినీ ఒక్కొక్కటిగా చూడలేం. దగ్గరి పెట్టెలను కలిపి పెద్ద పెట్టెలో, వాటిని ఇంకా పెద్ద పెట్టెలో పెట్టుకుంటూ పోతే వచ్చేదే ఆర్-ట్రీ. 1984లో ఆంటొనిన్ గట్‌మన్ ప్రతిపాదించాడు. పెద్ద పెట్టె కాదంటే దాని కిందివన్నీ చూడకుండానే కొట్టివేయవచ్చు. పెట్టెలు ఒకదాని మీదకొకటి రావచ్చు కనుక ఒక్కోసారి రెండు మూడు కొమ్మలు దిగి వెతకాలి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కు స్థల ప్రశ్నల సత్తా జోడించే పోస్ట్‌జీఐఎస్‌లో ఈ ఇండెక్స్ జిస్ట్ అనే చట్రం మీద నడుస్తుంది; పెట్టెలను మాత్రమే పోల్చే గుర్తు &&. అక్కడ ఇండెక్స్‌లో పెట్టె అంచులను కాస్త బయటికి సవరించి దాస్తారు. పెట్టె పెద్దదైతే పని కొంచెం పెరుగుతుంది, చిన్నదైతే జవాబే తప్పిపోతుంది.

ఖాళీ ఎంత ఎక్కువైతే వడపోత అంత బలహీనం. త్ర్యంబకేశ్వర్ నుంచి అంతర్వేది దాకా గోదావరిని ఒకే గీతగా దాచారనుకోండి. నది ఏటవాలుగా ఆగ్నేయానికి సాగుతుంది కనుక, కృష్ణా పరీవాహకంలో ఉన్న హైదరాబాద్, పుణే కూడా ఆ పెట్టెలో పడతాయి! ఏ ప్రశ్న అడిగినా గోదావరి విచారణకు వచ్చి కూర్చుంటుంది. నదిని ముక్కలు చేసి దాచండి. పోస్ట్‌జీఐఎస్‌లో ఎస్‌టీ_సబ్‌డివైడ్ అనే ఫంక్షన్ ఉన్నది అందుకే.

దూరం ప్రశ్నల్లో కొత్తవారు తరచూ జారిపడే చోటు ఒకటుంది. "చెరువుకు 500 మీటర్లలోపు స్థలాలు" కావాలంటే ఎస్‌టీ_డిస్టెన్స్ 500 కన్నా తక్కువ అని రాస్తారు. జవాబు సరైనదే, కానీ ప్రతి స్థలానికీ దూరం లెక్కకడుతుంది. ఇండెక్స్ ఉండీ లేనట్టే. ఎస్‌టీ_డీవితిన్ రాస్తే ముందు పెట్టెను 500 మేర పెంచి వడపోస్తుంది, మిగిలినవాటికే దూరం చూస్తుంది. నిరూపకాలు మీటర్లలో ఉన్నాయో లేదో చూసుకోండి. నేలను చదునుగా లెక్కించే జామెట్రీ రకంలో అక్షాంశ రేఖాంశాల డిగ్రీలు దాచుకుంటే 500 అంటే 500 డిగ్రీలే. భూగోళమంతా జవాబుగా వస్తుంది.

అభ్యాసం: అదే కాగితం మీద (4, 1.5) గుర్తించండి. అది సరిగ్గా చెరువు కింది అంచు మీద పడుతుంది. ఎస్‌టీ_కంటెయిన్స్ ఈ స్థలాన్ని లోపల లేదంటుంది, ఎస్‌టీ_కవర్స్ ఉందంటుంది. ఎఫ్‌టీఎల్ ప్రశ్నకు మీరైతే దేన్ని వాడతారో, ఎందుకో రాసి ఉంచండి. నాలుగో పాఠం ఆ అంచు మీదే.