ఈతలు మొదలయ్యేలోపే: గొర్రెపిల్లల కోసం జాగ్రత్తలు

గొర్రె చూడి కాలం దాదాపు అయిదు నెలలు, రోజుల్లో చెప్పాలంటే 147 అటూ ఇటూ. అందరం ఈనే రోజున హడావిడి పడతాం గానీ, అసలు పని దానికి ఆరు వారాల ముందే ఉంది. కడుపులో పిల్ల పెరిగే బరువులో సుమారు 70 శాతం ఆ చివరి ఆరు వారాల్లోనే. అప్పుడు మేపు తగ్గిందంటే పిల్ల సన్నగా పుడుతుంది, ముర్రుపాలూ సరిగా దిగవు. కవలలు మోసే తల్లికి కడుపులో గడ్డి పట్టే చోటు కూడా తగ్గిపోతుంది కాబట్టి కొంచెం దాణా కలపాల్సిందే. ఉన్ని చూసి బలంగా ఉందనుకోవద్దు. నడుము మీద చెయ్యి వేసి తడమండి, వెన్నెముక ముళ్లలా తగిలితే ఆ గొర్రె చిక్కిపోయినట్టే.

చిటుకు రోగం (పేగుల్లో విషం పుట్టి హఠాత్తుగా చంపే జబ్బు) టీకా ఈనడానికి నాలుగైదు వారాల ముందు తల్లికి వేయించండి. గొర్రెల్లో యాంటీబాడీలు (రోగాన్ని ఎదిరించే ప్రొటీన్లు) మాయ దాటి పిల్లకు చేరవు. పుట్టిన పిల్లకు రక్షణంతా ముర్రుపాలతోనే రావాలి. ఆ యాంటీబాడీలను పేగు నేరుగా రక్తంలోకి పీల్చుకునేది మొదటి 24 గంటలే, అందులోనూ మొదటి ఆరు గంటలు చాలా ముఖ్యం. లెక్క సులువు: తడవకు కిలో బరువుకు 50 మిల్లీలీటర్లు. 4 కిలోల పిల్లకు 200 అన్నమాట. రోజు మొత్తం మీద దానికి నాలుగింతలు.

నేను దెబ్బతిన్నది ఇక్కడే. పిల్ల పొదుగు కింద దూరి తోక ఊపుతుంటే, తాగుతోందిలే అని వెళ్లి పడుకున్నాను. తెల్లారి చూస్తే డొక్కలు లోపలికి పోయి ఉన్నాయి, నోట్లో వేలు పెడితే చల్లగా తగిలింది. చనుమొన చివర మైనం లాంటి బిరడా ఉంటుంది, అది ఊడనే లేదు. రాత్రంతా ఉత్త చన్నే చీకింది పాపం. అప్పటి నుంచి ఈనగానే రెండు చన్నులూ పిండి ధార చూస్తాను, తర్వాత పిల్ల పొట్ట తడిమి చూస్తాను. తోకను మాత్రం నమ్మను.

చల్లబడిన పిల్లను చూస్తే ఎవరికైనా టెన్షనే. అయినా ముందు థర్మామీటర్ పెట్టండి. మామూలుగా 39 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. 37 కంటే తగ్గి, పుట్టి అయిదు గంటలు దాటితే నేరుగా వేడి పెట్టకూడదు. ఒంట్లో చక్కెర అయిపోయి ఉంటుంది, వేడి తగలగానే ఫిట్స్ వచ్చి చనిపోవచ్చు. ముందు గ్లూకోజ్ ఇంజెక్షన్ పడాలి, అది పశువైద్యుడి పని, ఆయన ఫోన్ నంబరు ముందే రాసి పెట్టుకోండి. తల నిలపలేని పిల్లకు నోట్లో పాలు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

దగ్గర ఉంచుకోవాల్సినవి ఎక్కువేం లేవు: థర్మామీటర్, బొడ్డుకు అయోడిన్, పాలు పట్టే ట్యూబు, పొడి గుడ్డలు, ఫ్రీజర్‌లో కాస్త ముర్రుపాలు. ఆ ముర్రుపాలను గోరువెచ్చని నీళ్లలో పెట్టి కరిగించాలి. మరిగిస్తే యాంటీబాడీలు పోతాయి, మిగిలేది ఉత్త పాలే.

రెండు వారాల వయసు నుంచి తల్లులు దూరలేని చిన్న కంచె కట్టి పిల్లలకు దాణా పెట్టండి. మొదట్లో ఆడుకోవడానికే వెళ్తాయి, తినేది గుప్పెడు. కానీ ఆ గింజలతోనే పెద్ద పొట్ట పని నేర్చుకుంటుంది. దాణా ఒక్కసారిగా పెంచకండి. చిటుకు రోగం ఎక్కువగా పట్టుకుపోయేది బాగా తిని నిగనిగలాడే పిల్లనే. మూడు వారాలు దాటాక పారుడులో నెత్తురు కనిపిస్తే కాక్సిడియా (పేగుల్లో పెరిగే సూక్ష్మ పరాన్నజీవి) అనుమానించి పేడ పరీక్ష చేయించండి, తొట్టెలు కాళ్లతో తొక్కే ఎత్తులో పెట్టకండి.

ఇంకొకటి. ఆవుల ఖనిజ మిశ్రమం మిగిలిందని గొర్రెలకు పెట్టొద్దు. అందులోని రాగి గొర్రె కాలేయంలో పేరుకుపోయి విషమవుతుంది. కొనేముందు బస్తా మీద 'గొర్రెలకు' అని ఉందో లేదో చదవండి.