నిరీక్షణ పాఠాలు – 3: ముట్టడిలో కొన్న పొలం

పోయిన పాఠంలో రోమా 4లో అబ్రాహామును చూశాం. ఈసారి యిర్మీయా 32వ అధ్యాయం, 1 నుంచి 27 వచనాలు. నోట్‌బుక్‌లో పేజీ మధ్యగా నిలువు గీత గీయండి. ఎడమ పక్క ‘కంటికి కనిపిస్తున్నది’, కుడి పక్క ‘దేవుడు చెప్పింది’ అని రాయండి. వచనం నంబరు వేస్తూ నింపండి. సొంత అభిప్రాయాలు ఇప్పుడే వద్దు.

ఎడమ పక్క త్వరగా నిండిపోతుంది. యూదా రాజు సిద్కియా ఏలుబడిలో 10వ ఏడు. బబులోను సైన్యం యెరూషలేమును చుట్టుముట్టింది. పట్టణం శత్రువు చేతిలో పడుతుందని ప్రవచించినందుకు ప్రవక్త యిర్మీయాను రాజే కావలిలో పెట్టించాడు. అలాంటప్పుడు హనమేలు అనే దాయాది వచ్చి, అనాతోతులో ఉన్న నా పొలం నువ్వు కొనుక్కో అంటాడు. ఆ ఊరు యెరూషలేముకు నాలుగైదు కిలోమీటర్లే. ఏ లెక్కన చూసినా కొనాల్సిన భూమి కాదు. కుడి పక్కకు ముఖ్యంగా వచ్చేది 15వ వచనం: ఈ దేశంలో ఇళ్లు, పొలాలు, ద్రాక్షతోటలు మళ్లీ కొంటారు.

ఇప్పుడు 9 నుంచి 14 వరకు మెల్లగా చదవండి. ఏవో లావాదేవీ వివరాలని చాలామంది దాటేస్తారు గానీ, నా దృష్టిలో అధ్యాయానికి గుండెకాయ ఇదే. యిర్మీయా 17 తులాల వెండి త్రాసులో తూచి ఇచ్చాడు. పత్రం రాశాడు, ముద్ర వేశాడు, సాక్షుల చేత సంతకాలు పెట్టించాడు. ముద్ర వేసిన నకలు ఒకటి, తెరిచి ఉన్న నకలు ఒకటి. రెండూ అందరి ముందు తన లేఖకుడు బారూకుకు అప్పగించి, చాలాకాలం పాడవకుండా మట్టికుండలో పెట్టమన్నాడు. మన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో జరిగే తంతంతా ఉంది.

16వ వచనం దగ్గర ఆగండి. యిర్మీయా ప్రార్థన మొదలుపెట్టింది పత్రం అప్పగించాకే. నీకు అసాధ్యమైనది ఏదీ లేదని మొదలుపెట్టి, 25కి వచ్చేసరికి, పట్టణం కల్దీయుల (బబులోనువాళ్ల) పాలవుతుంటే పొలం కొనమన్నావేంటి అంటున్నాడు. మన కూడికల్లో ఎవరైనా ఇలా అడిగితే ‘విశ్వాసం తక్కువ’ అనేస్తాం. ఇక్కడ టెన్షన్ అలాగే ఉంది, డబ్బు మాత్రం కట్టేశాడు. ఆ నిశ్చయతకు ఆధారం యిర్మీయా మనసు కుదుటపడటం కాదు, చెప్పినవాడు ఎవరన్నదే.

ఆ పొలంలో ఆయన పంట తీసినట్టు ఎక్కడా లేదు. చివరికి ఆయన్ని ఐగుప్తుకు తీసుకుపోయారు (43:6-7). కానీ ఎజ్రా 2:23 తీసి చూడండి. బబులోను చెర నుంచి తిరిగి వచ్చినవాళ్లలో అనాతోతువాళ్లు 128 మంది.

కొత్త నిబంధనకు వస్తే, యిర్మీయా తన వెండి తనే కట్టాడు, మనకైతే బయానా దేవుడే ఇచ్చాడు. పరిశుద్ధాత్మ మన స్వాస్థ్యానికి సంచకరువు, అంటే బయానా, అంటుంది ఎఫెసీ 1:14. చనిపోయినవారిలో నుంచి లేచిన క్రీస్తు ప్రథమఫలం, అంటే రాబోయే కోతలో మొదటి పంట, అంటుంది 1 కొరింథీ 15:20. క్రీస్తు లేవకపోతే మీ విశ్వాసం వ్యర్థమే అని పౌలే అదే అధ్యాయం 17లో తేల్చేశాడు. అంటే మన నిరీక్షణ అంతా జరిగిన ఒక్క సంగతి మీద నిలబడి ఉంది.

అభ్యాసం: అపొస్తలుల కార్యములు 27:20-37. అదే పద్ధతి, అదే గీత. ఎవరి ప్రాణానికీ హాని లేదని 22లో చెప్పిన పౌలే, 31లో నావికులు ఓడలో ఉండకపోతే మీరు తప్పించుకోలేరని ఎందుకన్నాడు? నాలుగైదు వాక్యాల్లో రాయండి. వచ్చే పాఠం అక్కడే మొదలుపెడదాం. అప్పటిదాకా 44వ వచనం చూడకండి.