కాపీ కొట్టడానికీ ఒక గడువు ఉండాలి: విశాఖ రోబోటిక్స్ టీమ్‌లకు ఆరు వారాల లెక్క

2019 సీజన్ వరకు ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటీషన్ (ఎఫ్ఆర్‌సీ) అనే విద్యార్థుల పోటీలో ఒక పద్ధతి ఉండేది. జనవరి మొదట్లో ఆ ఏడాది రోబోలు ఆడాల్సిన ఆట ప్రకటించేవారు. ఆరు వారాలు దాటాక ఒక రాత్రి ప్రతి టీమూ తన రోబోను పెద్ద ప్లాస్టిక్ సంచిలో పెట్టి, నంబరున్న ట్యాగ్ బిగించేది. పోటీ దాకా ఇక దాన్ని మామూలుగా ముట్టుకోవడానికి లేదు. సంచి బయట చేసుకుని తెచ్చే సొంత భాగాలకు 30 పౌన్ల పరిమితి, అంటే దాదాపు 13.6 కిలోలు. 2020 నుంచి ఆ సంచి తీసేశారు.

సంచి పోవడంతో కాపీ లెక్క మారిపోయింది. మొదటి వారం పోటీలో ఎవరో నెగ్గిన వీడియో చూసి, నాలుగో వారం ఆడే టీమ్ తన ఆర్మ్ మొత్తం పీకి అలాంటిదే బిగించుకోవచ్చు. రూల్ ఒప్పుకుంటుంది, రోబో ఒప్పుకోదు. అందుకే మొదట చేయాల్సిన పని మీ సంచి మీరే కట్టుకోవడం, అంటే గడువు మీరే పెట్టుకోవడం.

పోటీ రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టండి. 42 రోజులుంటే చివరి 12 రోజులు డ్రైవింగ్ ప్రాక్టీసుకే. దాని ముందు 5 రోజులు వైరింగ్, కోడ్. దాని ముందు 12 రోజులు తయారీ, 8 రోజులు క్యాడ్ (కంప్యూటర్ మీద డిజైన్ గీయడం). అన్నిటికంటే ముందు 5 రోజులు రూల్ బుక్ చదవడానికి, ప్లైవుడ్ నమూనాలకు. ప్రాక్టీసు రోజుల్లోంచి అప్పు తీసుకోవడం అన్ని టీమ్‌లూ చేసే తప్పు. ఓ మోస్తరు రోబోను 12 రోజులు నడిపిన డ్రైవర్, గొప్ప రోబోను రెండు రోజులు నడిపిన డ్రైవర్ కంటే ఎక్కువ పాయింట్లు తెస్తాడు.

ఈ లెక్కలో విశాఖ క్యాలెండర్ కలపకపోతే పని చెడుతుంది. జనవరి సీజన్ అయితే భోగి నుంచి కనుమ దాకా ఆటోనగర్‌లో లేత్ దగ్గర మనిషి దొరకడం కష్టం. ఊరెళ్లినవాళ్లు తిరిగొచ్చేసరికి ముక్కనుమ కూడా అయిపోతుంది. తయారీలో 4 రోజులు పోయాయనే అనుకుని, టర్నింగ్ పనులు పండగ ముందే ఇచ్చేయండి. సెప్టెంబరులో మొదలయ్యే ఎఫ్‌టీసీకైతే (ఫస్ట్ టెక్ చాలెంజ్, చిన్న రోబోల పోటీ) వినాయక చవితి, సెప్టెంబరు 17 విశ్వకర్మ పూజ, ఆ తర్వాత దసరా ఆయుధ పూజ. పసుపు కుంకుమలు పెట్టిన మిషన్‌ను ఆ రోజు ఎవరూ నడపరు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్లు ఎలాగూ ఉంటాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటాక నగరంలో కరెంటు రోజుల తరబడి లేదు. 14 గంటల 3డీ ప్రింట్ జాబ్‌ను ఆఖరి వారానికి ఉంచకండి.

వీడియోలోంచి కొలతలు తీయడం

చూసి నేర్చుకోవడానికి మూడు చోట్లున్నాయి. ఆట ప్రకటించిన 72 గంటల్లో రోబో కట్టి చూపించే "రోబో ఇన్ 3 డేస్" వీడియోలు, టీమ్‌లు బయటపెట్టిన క్యాడ్ ఫైళ్లు, మ్యాచ్ రికార్డింగులు. మొదటివి ఆలోచనకు మంచివే కానీ, మూడు రోజుల్లో కట్టిన రోబో సీజన్ అంతా తట్టుకునేలా ఉండదు. క్యాడ్ దొరికితే అదృష్టం. ఎక్కువసార్లు దొరికేది మ్యాచ్ వీడియోనే.

వేగం లెక్క ఇలా. ఎఫ్‌టీసీ మైదానంలో ఒక్కో ఫోమ్ పలక 24 అంగుళాలు, సుమారు 61 సెం.మీ. రోబో వేగం అందుకున్నాక మూడు పలకలు దాటడానికి 36 ఫ్రేములు పట్టాయనుకోండి. సెకనుకు 30 ఫ్రేముల వీడియోలో అది 1.2 సెకన్లు. 1.83 మీటర్లను 1.2తో భాగిస్తే సెకనుకు సుమారు 1.5 మీటర్లు. చక్రం వ్యాసం 96 మి.మీ. అయితే చుట్టుకొలత 30 సెం.మీ., కాబట్టి సెకనుకు 5 తిప్పులు, నిమిషానికి 300. బరువు పడ్డాక మోటారు తన ఖాళీ వేగంలో 80 శాతం ఇస్తుందనుకుంటే, ఖాళీగా 375 ఆర్‌పీఎం తిరిగే మోటారు కావాలి.

ఆర్మ్ దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు, ఎందుకంటే బరువు వీడియోలో కనపడదు. 40 సెం.మీ. ఆర్మ్ చివర అర కిలో వస్తువుంటే 20 కిలో-సెం.మీ. టార్క్ (తిప్పే బలం) కావాలి. ఆర్మ్ సొంత బరువు 300 గ్రాములు, అది మధ్యలో 20 సెం.మీ. దగ్గర పడుతుంది కాబట్టి మరో 6. మొత్తం 26. మోటారు స్టాల్ టార్క్ (ఆగిపోయే దగ్గర ఇచ్చే గరిష్ఠ బలం) సరిగ్గా 26 ఉంటే ఆర్మ్ అడ్డంగా ఉన్నచోట ఆగిపోయి, వైండింగ్ వేడెక్కి వాసన వస్తుంది. మూడింతలు, అంటే 78 దాకా చూసుకోండి. లేదా గేర్లతో తెచ్చుకుని వేగం వదులుకోండి. ఈ లెక్క చేయకుండా ఆకారం మాత్రం దించేయడమే పులిని చూసి నక్క వాత పెట్టుకోవడం.

బంతులు లాక్కునే రోలర్లలో రహస్యమంతా కంప్రెషన్‌లో, అంటే బంతిని ఎంత నొక్కుతుందన్నదాంట్లో ఉంటుంది. బంతి ఎంత, సందు ఎంత అన్నది వీడియోలో 5 మి.మీ. తేడాతో కూడా పట్టుకోలేరు. 6 మి.మీ. ప్లైవుడ్ పలకలు రెండు తీసుకుని, రోలర్ షాఫ్ట్‌కు గుండ్రటి బెజ్జం బదులు 20 మి.మీ. పొడుగు బెజ్జం కోయించండి. 2 మి.మీ. చొప్పున జరుపుతూ, ఒక్కో చోట 20 బంతులు పెట్టి ఎన్ని లోపలికి వెళ్లాయో రాసుకోండి. ఒక మధ్యాహ్నం పని. ఆ టీమ్‌ను పోటీలో కలిస్తే నేరుగా అడగడం ఇంకా తేలిక: "అన్నా, ఈ రోలర్‌కి కంప్రెషన్ ఎంత పెట్టారు?" అని. చాలామంది చెప్పేస్తారు, కొందరు స్కేలు కూడా ఇస్తారు.

ఏ రోజు దాకా ఏది కాపీ కొట్టొచ్చు

13వ రోజు, అంటే క్యాడ్ ముగిసేదాకా, ఏ మెకానిజమైనా తీసుకోవచ్చు. 25వ రోజు దాకా, ఇప్పటికే ఉన్న బోల్టు బెజ్జాల్లో కూర్చునేదైతేనే. ఆ తర్వాత, గంటలో పెట్టి గంటలో తీసేయగలిగేది మాత్రమే: రోలర్ రబ్బరు, గైడ్ ప్లేటు, కోడ్‌లో ఒక విలువ. ఇది గోడ మీద రాసిపెట్టాలి. లేకపోతే 31వ రోజు రాత్రి ఎవడో ఒకడు ఫోన్ పట్టుకొచ్చి "ఇది చూడండ్రా" అంటాడు.

హడావుడిగా కోయించేటప్పుడు చెడేవి ఎప్పుడూ ఒకటే. ప్రింట్ చేసిన బెజ్జాలు 0.2 నుంచి 0.3 మి.మీ. బిగుతుగా వస్తాయి, ఎం5 (5 మి.మీ.) బోల్టుకు 5.3 మి.మీ. గీయండి. అక్రిలిక్‌లో బెజ్జం అంచుకు దగ్గరైతే పగులుతుంది. బోల్టు వ్యాసానికి కనీసం రెండింతల దూరం, వాషర్ తప్పనిసరి. పీవీసీ షీటును లేజర్‌కు ఇవ్వనేవద్దు, క్లోరిన్ కలిసిన విషవాయువు వస్తుంది. మోటారు డీ-షాఫ్ట్ (ఒక వైపు చదునుగా ఉండే ఇరుసు) చదును వైపే గ్రబ్ స్క్రూ (తల లేని చిన్న స్క్రూ) పడాలి, నీలం థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులు కాకుండా పట్టే జిగురు) ఒక చుక్క చాలు. అదే చుక్క పాలికార్బొనేట్ మీద పడితే షీటు చిట్లుతుంది. ఇక మన సముద్రపు గాలి: ఫిలమెంట్‌ను (3డీ ప్రింటర్‌లో వాడే ప్లాస్టిక్ తీగ) సిలికా జెల్‌తో మూతపెట్టిన డబ్బాలో ఉంచకపోతే ప్రింట్ చేసేటప్పుడు చిటపటలాడి పొరలు విడిపోతాయి.

రాసిపెట్టడం

కాపీ గురించి పోటీల రూల్స్ ఒకేలా ఉండవు. ఎఫ్ఆర్‌సీలో ఆట ప్రకటించకముందు చేసిన డిజైన్‌ను వాడాలంటే, అది ప్రకటనకు ముందే అందరికీ అందుబాటులో పెట్టి ఉండాలి. మీ సొంత పాత డిజైన్‌కైనా ఇదే రూల్. వెక్స్ అనే మరో రోబో పోటీలో అసలు పట్టింపు రోబోను విద్యార్థులే చేశారా అన్నదాని మీద. కోచింగ్‌లో ఒకే రోబోను నాలుగు టీమ్‌లకు పంచితే జడ్జి ఒక్క ప్రశ్నతో పట్టుకుంటారు: "ఈ గేర్ రేషియో ఎందుకు?"

జడ్జిలకు చూపించే టీమ్ నోట్‌బుక్‌లో నాలుగు సంగతులు చాలు: తేదీ, ఎక్కడ చూశాం, ఏం తీసుకున్నాం, ఏం మార్చాం. "లిఫ్ట్ ఆలోచన ఫలానా టీమ్ మ్యాచ్ వీడియో నుంచి. వాళ్లది మూడు దశలు, మాకు ఎత్తు అక్కర్లేదు కాబట్టి రెండు. స్పూల్ (తాడు చుట్టుకునే చక్రం) 30 మి.మీ. నుంచి 24కు తగ్గించాం, మోటారు ఆగిపోతోంది." ఇలా రాసిన టీమ్‌కు మార్కులు పోవు, వస్తాయి. మీది ఎవరైనా కొడతారని భయముంటే క్యాడ్ మీరే బయటపెట్టండి. మీ రోబో అప్పటికే రెండు మార్పులు ముందుంటుంది.

30వ రోజు రాత్రి రోబోను తూకం వేసి, నాలుగు వైపులా ఫొటోలు తీసి, కోడ్‌కు ఒక కాపీ తీసి దాచండి. తర్వాతి మార్పు ఏది చెడినా ఆ రాత్రికి తిరిగి వెళ్లగలగాలి. వీడియోలు చూడటం ఎవరూ మానరు. నోట్‌బుక్ చివర "వచ్చే సీజన్" అని ఒక పేజీ వదిలి, నచ్చినవన్నీ అందులో రాయించండి.